పోర్టల్‌లో దొరకని క్యాండిడేట్లని ఎక్కడ పట్టుకుంటున్నారు? (లయో, స్టెరైల్ క్యూఏ, బీఓఈ)

కూకట్‌పల్లి_కన్సల్టెంట్
అందరికీ నమస్తే. మాది చిన్న కన్సల్టెన్సీ, నేనూ ఇద్దరు అమ్మాయిలూ. క్లయింట్లు దాదాపు అందరూ ఫార్మావాళ్లే. ప్రస్తుతం మూడు పొజిషన్లు గొంతులో వెలక్కాయలా ఉన్నాయి. ఇంజెక్టబుల్స్ ప్లాంట్‌కి లయోఫిలైజర్ (మందుని గడ్డకట్టించి ఆరబెట్టే మెషిన్, ఊరికే లయో అంటాం) తెలిసిన అసిస్టెంట్ మేనేజర్ ఒకరు, అక్కడే స్టెరిలిటీ అష్యూరెన్స్ (మందులో క్రిములు చేరకుండా) చూసే క్యూఏ (క్వాలిటీ అష్యూరెన్స్) మనిషి ఒకరు. ఈ రెండూ జడ్చర్ల. మూడోది అదే గ్రూపువాళ్ల బల్క్ డ్రగ్ యూనిట్‌కి, విశాఖ దగ్గర పరవాడలో, బీఓఈ (బాయిలర్ ఆపరేషన్ ఇంజనీర్) సర్టిఫికెట్ ఉన్న బాయిలర్ ఇంజనీర్.

నౌకరీ పోర్టల్‌లో వెతికితే వచ్చేవి ఊళ్లో కన్సల్టెంట్లందరి దగ్గరా ఉన్న సీవీలే. నేను పంపేలోపే "డూప్లికేట్" అని మెయిల్ వచ్చేస్తోంది. లింక్డ్‌ఇన్‌లో మెసేజ్ పెడితే తెరిచి చూసే దిక్కు లేదు. ఏడాది జీతంలో 8.33 శాతం ఫీజు, అదీ మనిషి చేరాకే, 90 రోజుల్లో మానేస్తే రీప్లేస్‌మెంట్ ఫ్రీ. మీరైతే ఎక్కడ వెతుకుతారు? "నెట్‌వర్కింగ్ పెంచుకోండి" లాంటి సలహాలు దయచేసి వద్దు.

పాతకాపు
వెతకడం తర్వాత. ముందు ఆ లయో పొజిషన్ జేడీ (జాబ్ డిస్క్రిప్షన్) ఇక్కడ పెట్టండి, కంపెనీ పేరు తీసేసి.

కూకట్‌పల్లి_కన్సల్టెంట్
ఇదిగోండి. లయోఫిలైజేషన్‌లో 8 నుంచి 10 ఏళ్లు, ఐసోలేటర్ (బయటి గాలి తగలకుండా మూసి ఉంచే స్టెరైల్ ఛాంబర్) అనుభవం తప్పనిసరి, సైకిల్ డెవలప్‌మెంట్, టెక్ ట్రాన్స్‌ఫర్, మీడియా ఫిల్ (మందు బదులు క్రిములు పెరిగే ద్రవం నింపి చేసే పరీక్ష), యూఎస్ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) ఆడిట్ ఎదుర్కొని ఉండాలి, అప్రూవ్డ్ కెమిస్ట్ (డ్రగ్ కంట్రోల్ శాఖ ఆమోదం ఉన్నవాడు) అయి ఉండాలి, వయసు 35 లోపు. జీతం ఉన్నదాని మీద 20 శాతం హైక్.

పాతకాపు
అనుకున్నదే. ఇందులో ముగ్గురు మనుషులున్నారండీ.

సైకిల్ డెవలప్ చేసేవాడు ఆర్ అండ్ డీలో ఉంటాడు. మందుని ఎంత చలిలో గడ్డకట్టించాలి, ప్రైమరీ డ్రైయింగ్ ఎన్ని గంటలు, వాక్యూమ్ ఎంత అని రాసేది అతను. ఆ సైకిల్‌ని ల్యాబ్‌లోని చిన్న మెషిన్ నుంచి ప్లాంట్‌లోని పెద్ద మెషిన్‌కి తెచ్చేవాడు టెక్ ట్రాన్స్‌ఫర్ మనిషి. రాత్రి రెండింటికి ప్రైమరీ డ్రైయింగ్ మధ్యలో వాక్యూమ్ పడిపోతే, పంపు దగ్గరికి పరిగెత్తి, స్టాండ్‌బైకి మార్చి, డీవియేషన్ (జరిగిన తేడా రికార్డు) రాసి బ్యాచ్‌ని కాపాడేవాడు ప్రొడక్షన్ మనిషి. ముగ్గురి సీవీల్లోనూ "లయోఫిలైజేషన్" అనే ఉంటుంది. మీరు ముగ్గురినీ కలిపి వెతుకుతున్నారు కాబట్టి ఒక్కడూ దొరకడం లేదు.

హెచ్ఆర్ చెప్పింది రాసుకుని రావడం కాదు. ప్రొడక్షన్ హెడ్‌తో పదిహేను నిమిషాలు ఇప్పించమని పట్టుబట్టండి. ఇవ్వకపోతే ఆ పొజిషన్ తీసుకోకండి. ఆయన్ని అడగాల్సింది ఒక్కటే: ఈ మనిషి చేరిన మొదటి మూడు నెలల్లో ఏ పని ఆగకుండా చూసుకోవాలి? దానికి వచ్చిన జవాబే మీ జేడీ, మిగతాది అలంకారం.

రిక్రూటర్_అక్క
పాతకాపు గారు చెప్పిందే మొదటి మెట్టు. వెతకడంలో నా పద్ధతి చెప్తా.

పదాలతో వెతకడం మానేసి మెషిన్ పేర్లతో వెతుకుతాను. షాప్‌ఫ్లోర్‌లో పనిచేసినవాళ్లకి సీవీ అందంగా రాయడం రాదు, కానీ ఏ మెషిన్ మీద చేశారో మాత్రం తప్పక రాస్తారు. లయోకి టోఫ్లాన్, ఐఎంఏ లాంటి పేర్లు. ఫిల్లింగ్ లైన్‌కి బాష్. ఇక్కడో సంగతి: బాష్ ప్యాకేజింగ్ వ్యాపారం 2020లో సింటెగాన్ అయింది. ఆ మెషిన్ మీద పదేళ్లు నలిగినవాళ్ల సీవీల్లో ఇప్పటికీ బాష్ అనే ఉంటుంది. కొత్త పేరు ఒక్కటే కొడితే అసలు సీనియర్లందరూ జారిపోతారు. అలాగే లయోఫిలైజర్‌ని ఎస్ పెట్టి ఒకసారి, జడ్ పెట్టి ఒకసారి, "ఫ్రీజ్ డ్రైయర్" అని ఒకసారి, ఊరికే "లయో" అని ఒకసారి, మధ్యలో OR అనే పదం పెట్టి ఒకే సెర్చ్ స్ట్రింగ్‌లో వెయ్యాలి. డిపార్ట్‌మెంట్ పేరు కూడా ఒక్కో కంపెనీలో ఒక్కోటి: పేరెంటరల్స్, స్టెరైల్, ఎసెప్టిక్, ఫిల్ ఫినిష్.

రెండోది నాకు అన్నిటికన్నా ఎక్కువ క్లోజర్లు (భర్తీ అయిన పొజిషన్లు) ఇచ్చింది. హైదరాబాద్‌లో వెతక్కండి. అంకలేశ్వర్, హాలోల్, బద్ది, గోవా, పీతంపూర్ పెట్టి వెతకండి. ఆ ఊళ్లలోని ఫార్మా ప్లాంట్లలో మనవాళ్లు బోలెడంతమంది. చదువు కాలమ్‌లో కాకతీయ, ఆంధ్రా యూనివర్సిటీ, జేఎన్‌టీయూ అని ఫిల్టర్ వేస్తే బయటపడతారు. వాళ్లు ఉద్యోగం కోసం వెతకరు, సీవీ అప్‌డేట్ చేయరు. కానీ అమ్మానాన్నలకి వయసు మీదపడింది, పిల్లలకి తెలుగు రావడం లేదు, సొంతూరికి దగ్గరగా ఏదైనా వస్తే బాగుండునని లోపల ఉంటుంది. నేను మొదట అడిగేది "హైక్ ఎంత కావాలి" కాదు, "మీ సొంతూరు ఎక్కడండీ" అని.

సంక్రాంతికి అందరూ ఊళ్లకి వస్తారు. కనుమ మర్నాడు ఇంటర్వ్యూ పెట్టమని క్లయింట్లకి డిసెంబర్‌లోనే చెప్పి ఉంచుతాను. ఫ్లైట్ టికెట్ ఖర్చు లేదు, లీవు పెట్టాల్సిన పని లేదు, భార్య కూడా వచ్చి ప్లాంట్ ఉన్న చోటు చూసి వెళ్తుంది.

కూకట్‌పల్లి_కన్సల్టెంట్
అక్కా, సొంతూరు ఫిల్టర్ నాకు తట్టనే లేదు. జడ్చర్లకి ఏ జిల్లావాళ్లని చూడాలి?

రిక్రూటర్_అక్క
మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, అవతల కర్నూలు. హైదరాబాద్‌లోనే చూడాలంటే శంషాబాద్, షాద్‌నగర్ వైపు ఉండేవాళ్లు. నిజాంపేట, బాచుపల్లిలో ఫ్లాట్ కొనుక్కున్నవాణ్ణి జడ్చర్లకి తేవాలంటే వల్ల కాదు. ఆఫర్ తీసుకుంటాడు, దాన్ని చూపించి ఉన్నచోటే జీతం పెంచుకుంటాడు. పోవడానికే ఎనభై కిలోమీటర్ల పైన బస్సులో ఎవరు కూర్చుంటారు చెప్పండి రోజూ?

లయో_నైట్‌షిఫ్ట్
నేను మీ టేబుల్‌కి అవతలివాణ్ణి. ఇంజెక్టబుల్స్‌లోనే చేస్తాను, లయో మీదే. ఒకటి రెండు మాటలు చెప్పాలనిపించింది.

మాకు ఫోన్ లోపలికి తీసుకెళ్లనివ్వరు. లాకర్‌లో పెట్టి వెళ్తాం. గౌను వేసుకుని ఏరియాలోకి వెళ్లామంటే బ్రేక్ దాకా బయటికి రాము. మీరు పదకొండింటికి చేస్తారు, పన్నెండింటికి చేస్తారు, "నాట్ రెస్పాండింగ్" అని షీట్‌లో రాసేస్తారు. ఎ షిఫ్ట్‌వాడు రెండింటికి దిగి బస్సులో కూర్చుంటాడు, అప్పుడు మెసేజ్ చూస్తాడు. పక్కనే కొలీగ్స్ ఉంటారు కాబట్టి బస్సులో మాట్లాడలేడు. ఇంటికి చేరి అన్నం తిన్నాక, నాలుగు దాటాక చేయండి. సి షిఫ్ట్‌వాడికి పొద్దున తొమ్మిదికి చేశారంటే అప్పుడే నిద్రలోకి జారి ఉంటాడు, మీ నంబర్ జీవితాంతం బ్లాక్.

ఇంకోటి. "మంచి ఎంఎన్‌సీ సార్, సీవీ షేర్ చేయండి" అంటే నేను పంపను. కంపెనీ పేరు చెప్పరు, ఊరు చెప్పరు. ఒకసారి ఇలాగే ఒక కన్సల్టెన్సీకి పంపితే, వాళ్లు అది తీసుకెళ్లి మా కంపెనీ గ్రూపులోని ఇంకో యూనిట్‌కే పంపారు. వారంలో మా మేనేజర్ పిలిచి "ఏంటి, వెళ్లిపోతున్నావా?" అన్నాడు. ఆ ఏడాది నా అప్రైజల్ ఏమైందో మీరే ఊహించుకోండి. అప్పటి నుంచి తెలిసినవాళ్లు చెబితే తప్ప ఎవరికీ ఇవ్వడం లేదు. మీకు "దొరకని క్యాండిడేట్లు" అందరూ పుట్టుకతో దొరకనివాళ్లు కారు.

కొత్త_రిక్రూటర్
అన్నా, మరి మీలాంటివాళ్లతో మాట్లాడాలంటే ఏం చేయాలి? నేను ఈ ఫీల్డ్‌కి కొత్త. మా టీమ్ లీడ్ అయితే పొద్దున్నే మియాపూర్‌లో కంపెనీ బస్సులు ఆగేచోట నిలబడి కార్డులు పంచమంటున్నాడు.

లయో_నైట్‌షిఫ్ట్
అది మాత్రం చేయకు తమ్ముడూ. బస్సులో మా హెచ్ఆర్‌వాళ్లూ ఎక్కుతారు. నీ దగ్గర కార్డు తీసుకున్నవాడికి ఆ రోజు నుంచే తిప్పలు.

కంపెనీ పేరు, ప్లాంట్ ఎక్కడ, ఏ లైన్, రిపోర్టింగ్ ఎవరికి, షిఫ్టా జనరలా, బస్సు ఎక్కడెక్కడ ఆగుతుంది: ఇవి మొదటి మెసేజ్‌లోనే రాయి. నేను అడక్కుండానే "మీ అనుమతి లేకుండా సీవీ ఎక్కడికీ పంపను" అని రాయి. జవాబు ఇస్తాను. నాకు అక్కర్లేకపోయినా ఎవరికి కావాలో చెప్తాను.

పాతకాపు
చివరి మాట పట్టుకోండి, అందులోనే ఉంది అంతా. అయితే "ఎవరైనా ఉద్యోగం చూస్తున్నారా" అని అడిగితే ఖాళీగా ఉన్న బావమరిది పేరు చెప్తారు. నేను ఇలా అడుగుతాను: "సార్, నైట్ షిఫ్ట్‌లో మెషిన్ మొరాయిస్తే మీరు ఎవరికి ఫోన్ చేస్తారు?" ఆలోచించకుండా ఒక పేరు చెప్తారు. ఆ పేరు మీకు కావాల్సిన మనిషిది. ఇంటర్వ్యూలో రిజెక్ట్ అయినవాళ్లని కూడా అడుగుతాను, "మీకు ఈ పని నేర్పింది ఎవరండీ?" అని. చాలామంది కన్సల్టెంట్లు రిజెక్ట్ అయినవాడికి కనీసం ఫోన్ చేసి చెప్పరు. మర్యాదగా చెప్పినందుకే నాకు మంచి లీడ్స్ వచ్చాయి.

మెషిన్ అమ్మినవాళ్ల సర్వీస్ ఇంజనీర్లు, వ్యాలిడేషన్‌కి వచ్చే బయటి కాంట్రాక్ట్‌వాళ్లు కూడా. పది ప్లాంట్లు తిరుగుతారు, ఏ ప్లాంట్‌లో ఎవరికి పని వచ్చో వాళ్లకి తెలిసినంత ఎండీలకి కూడా తెలియదు. డబ్బు ఆశ పెట్టకండి, వాళ్ల ఉద్యోగానికి ముప్పు. టీ తాగుతూ మాట్లాడితే చాలు.

హెచ్ఆర్_లోపలిమనిషి
అందరూ క్లయింట్ హెచ్ఆర్‌ని తిడుతున్నారు కాబట్టి ఒక మాట. ఆ 20 శాతం మేము సరదాకి పెట్టింది కాదు. బయటివాణ్ణి 45 శాతం ఇచ్చి తెస్తే, అదే గ్రేడ్‌లో ఆరేళ్లుగా ఉన్నవాళ్లు మర్నాడే నా గదిలో ఉంటారు. పైగా 90 రోజుల నోటీసు పూర్తయ్యేలోపు సగంమంది కౌంటర్ ఆఫర్ తీసుకుని ఆగిపోతారు. కన్సల్టెంట్ అప్పటికి ఇంకో పొజిషన్ మీద బిజీ.

మాకు నిజంగా పనికొచ్చేది ఏంటంటే, సీవీలు పంపకముందే మార్కెట్ పరిస్థితి కాగితం మీద పెట్టి ఇవ్వండి. "ఈ పని తెలిసినవాళ్లు ఈ ప్లాంట్లలో ఉన్నారు, ఇంతమందితో మాట్లాడాను, అందరూ అడుగుతున్నది ఇంత, కదలం అన్నవాళ్లు ఈ కారణం చెప్పారు." ఇది తీసుకెళ్లి మేనేజ్‌మెంట్ ముందు పెడితే బడ్జెట్ కదులుతుంది. ఊరికే "సార్ బడ్జెట్ తక్కువ" అని వాట్సాప్ పెడితే కదలదు. జాయినింగ్ బోనస్, నోటీస్ బైఅవుట్ (మిగిలిన నోటీసు రోజులకి పాత కంపెనీకి డబ్బు కట్టడం), ఇల్లు మారే ఖర్చు లాంటివి గ్రేడ్‌తో సంబంధం లేకుండా ఇవ్వగలం, అవి అడగండి.

స్టెరైల్_క్యూఏ_మేడమ్
రెండో పొజిషన్ గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇది ఇప్పుడు అందరికీ కొరతే, కారణం ఉంది. యూరప్‌వాళ్ల అనెక్స్ 1 (స్టెరైల్ మందుల తయారీ నిబంధనలు) కొత్త రూపం 2023 ఆగస్టు 25 నుంచి అమల్లోకి వచ్చింది. లయోఫిలైజర్ల స్టెరిలైజేషన్ మీద ఉన్న ఒక క్లాజుకి మాత్రం ఇంకో ఏడాది గడువు ఇచ్చారు. ప్రతి స్టెరైల్ ప్లాంట్‌కీ కంటామినేషన్ కంట్రోల్ స్ట్రాటజీ (మందులో క్రిములు, మలినాలు చేరకుండా చూసే ప్రణాళిక) డాక్యుమెంట్ ఉండాలన్నారు. ఇక్కడ మన షెడ్యూల్ ఎం (మందుల తయారీ ప్రమాణాలు) కూడా మార్చారు, 250 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలకి ముందు, చిన్నవాళ్లకి తర్వాత. దాంతో అందరికీ ఒకేసారి ఒకే రకం మనుషులు కావాల్సి వచ్చారు. పదేళ్ల అనుభవం అడుగుతున్నారు గానీ, కొత్త అనెక్స్ 1 ప్రకారం ఆ డాక్యుమెంట్ రాసినవాళ్లకి ఆ పనిలో పదేళ్లు ఎక్కడినుంచి వస్తాయి?

అందుకని క్యూఏలో వెతకడం మానేసి మైక్రోబయాలజీలో చూడండి. ఎన్విరాన్‌మెంటల్ మానిటరింగ్ చూసినవాళ్లు, మీడియా ఫిల్ రిజల్ట్స్ చదివినవాళ్లు, స్మోక్ స్టడీ (పొగ వదిలి గాలి ప్రవాహం చూసే పరీక్ష) వీడియోలు తీయించినవాళ్లు. అసలు విషయం వాళ్లకే తెలుసు, టైటిల్‌లో మాత్రం "క్యూసీ మైక్రో" అని ఉంటుంది. జీతాలు క్యూఏకన్నా తక్కువ, మేనేజర్ పోస్టులూ తక్కువ. క్యూఏలోకి మారే అవకాశం అంటే చాలామంది ఆసక్తి చూపిస్తారు. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేసిన ఆడవాళ్లు పిల్లలు పుట్టాక మానేసి మళ్లీ రావాలనుకునేవాళ్లు కూడా ఉన్నారు, జనరల్ షిఫ్ట్ ఇస్తామంటే.

ఇంకో దారి: యూఎస్ఎఫ్‌డీఏ వార్నింగ్ లెటర్లు వాళ్ల సైట్‌లోనే ఉంటాయి, ఎవరైనా చదవొచ్చు. స్టెరైల్ ప్లాంట్‌కి లెటర్ వచ్చిందంటే అక్కడ ఏడాది రెండేళ్లు రెమిడియేషన్ (లోపాలు సరిదిద్దే) పని నడుస్తుంది. ఆ పని చేసి అలసిపోయినవాళ్ల దగ్గర మీ క్లయింట్‌కి కావాల్సిన అనుభవం మొత్తం ఉంటుంది. కొందరు క్లయింట్లు "ఆ ప్లాంట్‌వాళ్లు వద్దు" అంటారు. నా మట్టుకు నేను తీసుకుంటాను. మంట ఆర్పినవాణ్ణి మంట పెట్టినవాడిలా చూడటం ఏం న్యాయం?

బాయిలర్_బాబాయ్
ఇప్పుడు నా వంతు. ఫార్మా కన్సల్టెంట్లు ఫార్మాలోనే బాయిలర్ మనిషిని వెతుకుతారు, అదే తంటా. బాయిలర్‌కి మందుల సంగతి తెలియక్కర్లేదు, ఆవిరి అందరికీ ఒకటే. థర్మల్ ప్లాంట్లు, పేపర్ మిల్లులు, చక్కెర మిల్లులు చూడండి.

పరవాడ అంటున్నారు. పక్కనే సింహాద్రి ఎన్‌టీపీసీ ఉంది. గాజువాకలో స్టీల్ ప్లాంట్ ఉంది, దానికి సొంత పవర్ ప్లాంట్ ఉంది, 2025లో అక్కడ వీఆర్ఎస్ కూడా ఇచ్చారు. కూర్మన్నపాలెం, గాజువాక, అగనంపూడి కాలనీల్లో ఇళ్లు కట్టుకుని, ఇంకా ఒంట్లో ఓపిక ఉండి ఖాళీగా కూర్చున్నవాళ్లు ఉన్నారు. వాళ్లకి ఇంటి నుంచి అరగంట. మీ క్లయింట్ వయసు పరిమితి తీసేసి రెండేళ్ల కాంట్రాక్ట్ ఇస్తాడేమో అడగండి.

చక్కెర మిల్లులవాళ్లని క్రషింగ్ సీజన్‌లో కదిలించకండి, రారు. వేసవిలో సీజన్ ముగిశాక ఫోన్ చేయండి.

సర్టిఫికెట్ దగ్గర జాగ్రత్త. చాలామంది సీవీలో "బాయిలర్ సర్టిఫికెట్ ఉంది" అని రాస్తారు. అది ఫస్ట్ క్లాస్ అటెండెంట్‌దా, సెకండ్ క్లాస్‌దా, బీఓఈనా అని అడగండి. పెద్ద బాయిలర్‌కి బీఓఈ ఉండి తీరాలి. 1923 నాటి చట్టం పోయి 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చినా, సర్టిఫికెట్ ఉన్న మనిషి లేకుండా నడపకూడదన్న సంగతి మారలేదు. ఒరిజినల్ ఫోటో తెప్పించుకుని నంబర్ చూశాకే క్లయింట్‌కి పంపండి.

కొత్త_రిక్రూటర్
బాబాయ్, బీఓఈ పరీక్ష పాసైనవాళ్ల లిస్టులు నెట్‌లో దొరుకుతాయి కదా. వాటిలో పేర్లు తీసి, నంబర్లు ఎక్కడైనా కొనేసి అందరికీ చేస్తే?

బాయిలర్_బాబాయ్
పేరు చూసి లింక్డ్‌ఇన్‌లోనో, తెలిసినవాళ్ల ద్వారానో పలకరిస్తే తప్పు లేదు. నంబర్లు కొనడం మాత్రం వద్దు.

హెచ్ఆర్_లోపలిమనిషి
2023లో డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది కొత్త గారూ. కొన్న డేటాతో ఫోన్లు చేసే కన్సల్టెన్సీని మా లీగల్‌వాళ్లు ఎంప్యానెల్ చేయనివ్వరు (మా జాబితాలో చేర్చనివ్వరు). "నా నంబర్ ఎక్కడిది" అని క్యాండిడేట్ అడిగితే ఒక్క ముక్కలో నిజం చెప్పగలగాలి.

గల్ఫ్_దారి
సౌదీలో ఇంజెక్టబుల్స్ ప్లాంట్‌కి లయో ఆపరేటర్లు కావాలి. ఒక్కొక్కరికి మంచి కమీషన్. ఆసక్తి ఉన్న కన్సల్టెంట్లు పర్సనల్ మెసేజ్ పెట్టండి.

మోడరేటర్
గల్ఫ్_దారి గారూ, విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని పంపాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉన్న మీ ఏజెన్సీ రిజిస్ట్రేషన్ నంబర్ లేకుండా ఇక్కడ పోస్ట్ పెట్టకూడదు. మళ్లీ పెడితే ఖాతా ఆగుతుంది. మిగతావాళ్లు విషయం కొనసాగించండి.

కూకట్‌పల్లి_కన్సల్టెంట్
చాలా రోజుల తర్వాత వస్తున్నా, క్షమించండి. ఎక్కడిదాకా వచ్చిందో చెప్తాను.

ప్రొడక్షన్ హెడ్‌తో మాట్లాడాను. ఆయనకి కావాల్సింది రాత్రి మెషిన్ దగ్గర నిలబడే మనిషి. సైకిల్ డెవలప్‌మెంట్ ఎవరు రాశారో ఆయనకే తెలియదు, పాత జేడీలోంచి వచ్చిందట. ఐసోలేటర్ కూడా "ఉంటే మంచిది" అయింది. వయసు నలభై అయినా సరేనన్నారు. జేడీ సగానికి తగ్గింది. అక్క చెప్పినట్టు అంకలేశ్వర్, హాలోల్ పెట్టి వెతికితే వనపర్తి వైపు అబ్బాయి ఒకరు తగిలారు. సీవీ మూడేళ్లనాటిది, అందులో బాష్ అనే ఉంది! సాయంత్రం నాలుగున్నరకి చేశాను, మొదటి కాల్‌లోనే గంటసేపు మాట్లాడారు, అందులో ముప్పావు గంట వాళ్ల నాన్నగారి ఆరోగ్యం గురించే. ఆఫర్ వచ్చింది. ఇప్పుడు నోటీసులో ఉన్నారు, వారానికోసారి నేనే పలకరిస్తున్నాను. బైఅవుట్ కొంత ఇస్తామన్నారు.

బీఓఈకి రిటైరైన ఒక పెద్దాయన, గాజువాకలోనే ఇల్లు. క్లయింట్ కాంట్రాక్ట్‌కి ఒప్పుకుంది. చేరిపోయారు.

క్యూఏ మాత్రం ఇంకా తేలలేదు. మైక్రో నుంచి ఇద్దర్ని పంపితే "క్యూఏ టైటిల్ లేదు" అని స్క్రీనింగ్‌లోనే ఆపేశారు. మేడమ్ చెప్పిన కారణాలు రాసి క్వాలిటీ హెడ్‌కి పంపాను, జవాబు రాలేదు.

ఇప్పుడు కొత్త టెన్షన్. కాంట్రాక్ట్ మనిషికి నెలవారీ రీటైనర్ (నెలకింత అని ఇచ్చే మొత్తం) కదా, సీటీసీ (ఏడాది మొత్తం జీతం) అంటూ లేదు. ఫీజు దేని మీద వెయ్యాలి?

పాతకాపు
రీటైనర్‌ని పన్నెండుతో గుణించి దాని మీద 8.33 వేయండి, 18 శాతం జీఎస్టీ అదనం. రెండేళ్ల కాంట్రాక్ట్ అయినా ఒక ఏడాదికే. రెన్యువల్ మీద ఫీజు అడిగితే ఇవ్వరు, నేను అడిగి చూశాను. రీప్లేస్‌మెంట్ క్లాజులో "ఆరోగ్య కారణాలతో మానేస్తే వర్తించదు" అని ఇప్పుడే మెయిల్ మీద రాయించుకోండి, ఇన్‌వాయిస్ పంపకముందే.

స్టెరైల్_క్యూఏ_మేడమ్
క్వాలిటీ హెడ్ మెయిల్ చూడరు, మాకూ రోజుకి వందలొస్తాయి. ఆ ఇద్దరిలో మీడియా ఫిల్ ఫెయిల్యూర్ ఇన్వెస్టిగేషన్ చేసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ ఇన్వెస్టిగేషన్ ఎలా చేశారో నాలుగు లైన్లు వాళ్లచేతే రాయించండి, కంపెనీ పేరూ ప్రొడక్ట్ పేరూ లేకుండా. అది సీవీ పైన పెట్టి, శనివారం మధ్యాహ్నం నేరుగా ఫోన్ చేసి "రెండు నిమిషాలు చదవండి సార్" అనండి. చదివితే ఇంటర్వ్యూకి పిలుస్తారు.

కూకట్‌పల్లి_కన్సల్టెంట్
ఒకామె చేశారు మేడమ్, రెండు ఇన్వెస్టిగేషన్లు. ఈ రోజే అడుగుతాను. ఆమెది బి షిఫ్ట్ (మధ్యాహ్నం డ్యూటీ), పొద్దున పదకొండు లోపు చేయాలి.